పోవుడేనా, పోవుడు రావుడా?

"గాలిమోటర్ల కాశికి ఎంతసేపు పడ్తది బామ్మర్దీ?" అని మా బావ రాజలింగు అడిగినప్పుడు నేను గోదావరిఖనిలో మా అక్క ఇంటి వరండాలో కూర్చొని చాయ్ తాగుతున్నాను. ఫోనులో వెతికి చెప్పాను. హైదరాబాద్ నుంచి విమానంలో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కి కూర్చుంటే రెండు గంటలలోపే. బావ బతుకంతా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బాయిలో పైకప్పును కర్రతో తట్టి, గుల్ల మోత వస్తుందా గట్టి మోత వస్తుందా అని విన్నాకే దాని కింద నిలబడేవాళ్ళు. ఆయన మాటలను కూడా అట్లాగే తట్టి చూస్తాడు. నేను చెప్పినదాన్ని అట్లా తట్టి చూసి, "పోవుడేనా, పోవుడు రావుడా?" అన్నాడు.

వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతున్న మా అక్క సుశీల చేతులు ఆగిపోయాయి. పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి, "అచ్చం బాపు లెక్కనే అడుగుతున్నడు సూడు తమ్మీ" అంది. నిజమే, అది మా బాపు ప్రశ్న. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది, ప్రశ్న మాత్రం అల్లుడికి దక్కింది. మా ఇంట్లో దూరమంటే ఎప్పుడూ రెండు వైపులదీ కలిపే. బాయి లోపల బొగ్గు కొట్టే చోటుకు నడిచిపోవడం ఒక ఎత్తు, ఒళ్ళు హూనమయ్యాక అదే చీకట్లో ఎగువకు నడిచి రావడం ఇంకో ఎత్తు. "పోయిన దూరం సగమే బిడ్డా, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటెనే దూరం అయినట్టు" అనేవాడు. ఈ లెక్క నమ్మి, బడిలో సారు మంచిర్యాల ఎంత దూరమని అడిగితే నేను రెట్టింపు చెప్పి గోడకుర్చీ వేశాను. ఇంటికొచ్చి ఏడిస్తే బాపు నవ్వి, "మీ సారు మంచిర్యాల పోయి ఆడ్నే ఉంటడు గావచ్చు" అన్నాడు.

ఆ పొద్దు కాశీ ఊసు ఎందుకొచ్చిందంటే, అంతకు కొంచెం ముందే మహేశ్ ఫోన్ చేశాడు. మహేశ్ మా బావ పాత దోస్తు రాంసేవక్ కొడుకు. రాంసేవక్‌ది కాశీ అవతల ఒక పల్లె. మీసాలు సరిగ్గా రాని వయసులో మేనమామ వెంట ఇక్కడికొచ్చి, బాయి పనిలో చేరి, మా భాష నేర్చి, మా పచ్చిపులుసుకు అలవాటుపడి, రిటైరయ్యాక తిరిగి సొంతూరికి వెళ్ళిపోయాడు. పిల్లలు మాత్రం ఇక్కడి క్వార్టర్లలోనే పుట్టి పెరిగారు. అందుకే మహేశ్ ఇప్పటికీ మనలాగే మాట్లాడతాడు. "కాకా, మా బాపుకు గుండెల వాల్వు కరాబయింది. కాశిల దవాఖానల ఉన్నం. ఆపరేషన్ జెయ్యాలె, ఇంక ఆగొద్దంటున్నరు డాక్టర్లు. బాపేమో ఒప్పుకుంటలేడు. 'నేను జోడీ లేకుంట ఎన్నడు దిగలే, ఇప్పుడు గూడ దిగ' అంటున్నడు. మేం మొక్కినా ఇంటలేడు" అన్నాడు. బావ ఫోను చెవికి పెట్టుకొనే లేచి నిలబడ్డాడు. "ఎల్లుండి పొద్దుగాల పెట్టుమని జెప్పు. నేనొస్తున్న అని జెప్పు" అన్నాడు. రైల్లో పోతే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది, అది కూడా బెర్తు దొరికితే. అందుకే నా చేతికి ఫోనొచ్చింది, గాలిమోటరు ఊసొచ్చింది.

"కాశికి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటేనని అవ్వ అంటుండె" అని అక్క నసిగింది. బావకు బీపీ ఉంది. ఇంతవరకు విమానం ఎక్కలేదు. "గది నడిసిపోయే నాటి ముచ్చట. ఇప్పుడు రెండు గంటలేనట గద" అన్నాడు బావ. "రెండు గంటలు నీకు. నాకు నువ్వచ్చెదాంక" అంది అక్క. నేను రెండు టికెట్లు తీసుకున్నాను, బావకొకటి, నాకొకటి. అక్క తనకొద్దంది. "ఇద్దరు ముసలోళ్ళు బాయి ముచ్చట్లు పెట్టుకుంటరు, నడుమ నేనెందుకు? ఒకలు ఇంటికాడ ఉండాలె" అంది. ఆ చివరి మాట మా అవ్వది, అంటే మా అమ్మది.

మా అవ్వ మా ఇంట్లో దూరాలను నీళ్ళతో కొలిచేది. పొద్దున లేస్తే క్వార్టర్ల వరుస అంతా పొగే. ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి, పచ్చిబొగ్గు అంటుకునేటప్పుడు లేచే ఆ పసుపు పొగ, గొంతులో గీరుకునే ఆ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది. ఆ పొగ తరవాత జొన్నరొట్టె వచ్చేది కదా. మధ్యాహ్నం షిఫ్టు విడిచే సైరన్ మోగగానే అవ్వ గంగాళం పొయ్యి మీదికెక్కించేది. బాపు బాయి నుంచి పైకొచ్చి, ఇంటికి నడిచి వచ్చేసరికి నీళ్ళు సరిగ్గా కాగేవి. అందుకే మా ఇంటి నుంచి బాయికి ఎంత దూరమని ఎవరన్నా అడిగితే, "గంగాళం నీళ్ళు కాగేంత" అని చెప్పేది, అడిగినవాళ్ళకు అర్థమైనా కాకపోయినా. బాపు కళ్ళు, పళ్ళు తప్ప అంతా నల్లగా వచ్చి పెరట్లో బండ మీద కూర్చునేవాడు. అవ్వ వీపు రుద్దేది. మొదటి చెంబుకు నల్లగా, తరవాత బూడిద రంగుగా, చివరికి తేటగా కారే ఆ నీళ్ళను నేను మోరీ దాకా చూసేవాణ్ణి. ఎర్ర సబ్బు వాసన, తడి బొగ్గు వాసన కలిసి వచ్చే ఆ కాసేపే మా ఇంట్లో అందరూ నిమ్మళంగా ఊపిరి తీసుకునే సమయమని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

బాయిలో దిగడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి కార్మికుడికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు ల్యాంపు రూములో ఆ బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకోవాలి. బిళ్ళను అక్కడ కొక్కేనికి తగిలిస్తారు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు విడిచాక కూడా కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆ లెక్క తేలేదాకా పైనున్నవాళ్ళు ఊరుకోరు, వెతకడానికి దిగుతారు. ఇంతే పద్ధతి. మా వీధిలో చిన్నపిల్లలు కూడా గోడకు మేకులు కొట్టి పెంకులతో ఈ ఆట ఆడేవాళ్ళు.

బాపు ఒక్కరోజు మాత్రం ఈ పద్ధతి తప్పాడు. అదీ ఒక విమానం కోసం. బసంత్‌నగర్ వైపు ఒక రన్‌వే ఉండేది. ఎప్పుడో ఒకసారి పెద్ద పెద్ద ఆఫీసర్లను దింపడానికి చిన్న విమానం వచ్చేది. ఆ సాయంత్రం వస్తుందని ఎవరో బాపు చెవిన వేశారు. అవ్వ నల్లా దగ్గరికి పోయినప్పుడు బాపు మమ్మల్ని పిలిచి, "బడి ఇడ్సినంక సీదా బాయి గేటు కాడికి రండ్రి. అవ్వకు జెప్పకుండ్రి, ఆమెకు ఆగమాగమైతది" అన్నాడు. అక్క అప్పటికి లంగా వోణీలో ఉంది, తనకు అన్నీ తెలుసన్నట్టు నడిచే వయసు. నేను తన వేలు విడవని వయసులో ఉన్నాను. మేము గేటు దగ్గర నిలబడితే బాపు నల్లటి ముఖంతోనే గబగబా వచ్చాడు. టైమైపోతుందని తన లైటు పక్క మనిషి చేతిలో పెట్టి, "నాది గూడ జమ జెయ్యన్నా" అన్నాడు. ఆ మనిషి లైటు జమ చేశాడు. బిళ్ళ సంగతి ఆయనా అడగలేదు, బాపూ తలుచుకోలేదు. నన్ను ముందు కడ్డీ మీద, అక్కను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని సైకిల్ తొక్కాడు.

విమానం నిజంగానే వచ్చింది. కంచె అవతల ఆఫీసర్ల జీపు, కంచె ఇవతల జనం, మేకలు, ఆకాశంలో తూనీగంత చుక్క. అది పెద్దదై, నేలను తాకి, దుమ్ము లేపుకుంటూ మా ముందు నుంచి పరుగెత్తినప్పుడు బాపు నోరు తెరిచి చూస్తున్నాడు. నల్లటి ముఖంలో ఆయన పళ్ళు అంత తెల్లగా మెరవడం నేను మళ్ళీ చూడలేదు. ఆఫీసర్ల జీపు డ్రైవరును పట్టుకొని, "హైద్రబాదు నుంచి ఎంతసేపు పట్టిందే?" అని అడిగాడు. "గంట గూడ పట్టలే" అన్నాడతను. "పోవుడేనా, పోవుడు రావుడా?" అన్నాడు బాపు. డ్రైవరు పగలబడి నవ్వాడు. "నువ్వు ఎక్కేదుంటె గద పెద్దమనిషీ రావుడు లెక్క!" అన్నాడు. బాపు కూడా నవ్వాడు గానీ, తిరిగి వచ్చే దారిలో సైకిల్ తొక్కుతూ, "ఎక్కుతం బిడ్డా. మనం గాకపోతె మనోళ్ళెవలన్న ఎక్కుతరు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. వెనక నుంచి అక్క, "నేనెక్క, నాకు భయ్యం" అంది.

మేము వీధి మలుపు తిరిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా ఇంటి ముందు జనం. వాళ్ళ నడుమ ఒళ్ళంతా నల్లగా ఇద్దరు పడుచువాళ్ళు. అప్పుడే బాయి నుంచి పైకొచ్చి నేరుగా మా ఇంటికి వచ్చినట్టున్నారు. బాపు బిళ్ళ కొక్కేనికి వేలాడుతుంటే వెతకడానికి దిగింది వాళ్ళే. బాపును కాకా అని పిలిచే రాజలింగు, రాంసేవక్. లోపల అంతా తిరిగి, పేరు పెట్టి అరిచి, దొరకక, ఆ మాట అవ్వతో ఎట్లా చెప్పాలో తెలియక నిలబడ్డారు. అవ్వ పెరట్లో పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఏడవడం లేదు. నీళ్ళు కాగితే చల్లనీళ్ళు పోయడం, మళ్ళీ కాగనివ్వడం, మళ్ళీ పోయడం, అదే పని. పక్కింటామె పొయ్యి దింపబోతే చేయి పట్టి ఆపిందట. నీళ్ళు కాగుతున్నంతసేపు ఆయన దారిలో ఉన్నట్టేనని ఆమె లెక్క. అప్పుడు బాపు సైకిల్ గంట కొట్టాడు.

అవ్వ లేచింది, బాపును కింది నుంచి మీదికి చూసింది. "నీళ్ళు మూడు మాట్ల కాగినయి. పోయి తానం జెయ్యి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అన్నది రాజలింగు. చిన్నవాడైనా కోపంతో, "లోపట నీ పేరు పిలిసి పిలిసి మా గొంతులు పోయినయి కాకా! గీడ నువ్వు సైకిల్ మీద సైరు జేస్తున్నవా?" అని తల గుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. బాపు తల వంచుకున్నాడు. మా నాన్న తల వంచుకోవడం నేను చూసింది అదొక్కసారే. జనమంతా ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే, రాంసేవక్ మెల్లగా ముందుకొచ్చి తన వచ్చీరాని తెలుగులో, "కాకా, విమానం ఎట్ల ఉండె?" అని అడిగాడు. ముందు పక్కింటామె నవ్వింది. తరవాత వీధంతా నవ్వింది. అవ్వ మాత్రం పొయ్యి దగ్గరికి పోయి, చెంగు నోట్లో కుక్కుకొని, అప్పుడు ఏడ్చింది.

కొన్నేళ్ళకు అక్కకు సంబంధాలు చూస్తున్నప్పుడు బాపు ఎవరి మాటా వినలేదు. "నా కోసం దిగినోడు. నాకు ఇంకెవ్వలు కనవడ్తలేరు" అని రాజలింగుకిచ్చి చేశాడు. అక్క ఏమందంటే, "తల గుడ్డ నేలకు కొట్టుడొక్కటే మానాలె" అంది. ఈ పెళ్ళి మీద రాంసేవక్ బతుకంతా ఒకే జోకు వేశాడు. "దిగింది ఇద్దరం. పిల్ల ఒక్కనికే దొరికె. నాకేమో పచ్చిపులుసు." అన్నట్టే ప్రతి ఆదివారం వచ్చి పచ్చిపులుసు తాగి పోయేవాడు. ఆ సాయంత్రం వెతుకులాటలో, పాడుబడ్డ దారుల్లో ఒకరి లైటు ఆరిపోతే ఇంకొకరి లైటు వెంట నడిచారట ఇద్దరూ. పైకొచ్చాక ఒకరికొకరు మాటిచ్చుకున్నారు, ఇక దిగితే ఇద్దరం కలిసే దిగాలని. బాయిలో అందరూ వాళ్ళను జోడీ అనేవాళ్ళు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరూ నాగా పెట్టేవారు. పని చేయించే సర్దారు తిట్టేవాడు, తరవాత తిట్టడం మానేశాడు.

అందుకే ఇప్పుడు రాంసేవక్ దిగనన్నాడు. ఆ మాటలోని బరువు దవాఖానలో ఎవరికీ అర్థం కాకపోయినా, గోదావరిఖనిలో ఫోను పట్టుకున్న మా బావకు వెంటనే అర్థమైంది.

మర్నాడు చీకటితోనే కారులో బయలుదేరాం. పోవాల్సింది ఉత్తరానికి, మేము పోతున్నది దక్షిణాన ఉన్న శంషాబాద్‌కు. దారిలో బావకు నేను మ్యాపు చూపించాను. విమానం మళ్ళీ వెనక్కి, దాదాపు మన ఊరి పక్క నుంచే ఎగిరిపోతుందని చెప్పాను. బావకు ఇది వింతగా తోచలేదు. "బాయిల గూడ గంతే గద. బొగ్గు పక్క గోడలనే ఉంటది. దాని కాడికి పోవాలంటె ఊరంత తిరిగి పోవాలె" అన్నాడు. ఎయిర్‌పోర్టులో తనిఖీ దగ్గర నేనే తడబడ్డాను. బెల్టు, గడియారం, తాళాలు, నాకు ఏదీ గుర్తుండదు. బావ మాత్రం జేబులు ముందే ఖాళీ చేసుకొని, చేతులు చాపి, చెప్పకుండానే వెనక్కి తిరిగి నిలబడ్డాడు. బాయిలో దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెల కోసం బతుకంతా ఇట్లా చూపించుకున్న మనిషి. "బీడీలు లేవు, అగ్గిపెట్టె లేదు సాబ్" అన్నాడు గర్వంగా. ఆ జవాను నవ్వి, "బహుత్ అచ్ఛా చాచా" అని భుజం తట్టాడు. విమానం ఎక్కే గేటు దగ్గర ఒక అమ్మాయి బోర్డింగ్ పాసు చింపి పెద్ద ముక్క తన దగ్గర పెట్టుకొని చిన్న ముక్క చేతికిచ్చింది. బావ ఆ ముక్కను చూశాడు, ఆమె దగ్గర ఉండిపోయిన ముక్కను చూశాడు, నా చెవిలో, "బిళ్ళ పెట్టుకున్నరు" అన్నాడు.

మబ్బుల్లేని పొద్దు. పైకి లేచేటప్పుడు బావ నా మణికట్టు పట్టుకున్న గుర్తు సాయంత్రం దాకా పోలేదు. కాసేపటికి కుడివైపు కిటికీలో గోదావరి కనిపించింది, ఇసుకలో సన్నటి నీటి పాయలు. ఆవల జ్యోతినగర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు అగరొత్తుల్లా, వాటి చుట్టూ పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు ఎవరో పిల్లలు ఆడుకొని వదిలేసినట్టుగా. బావ నుదురు అద్దానికి ఆనించాడు. "గింతేనా? గింత సోట్లనేనా మేం బతుకంత తిరిగింది?" అన్నాడు. నేను పాత రన్‌వే కోసం వెతికాను గానీ అంత ఎత్తు నుంచి దొరకలేదు. ఊరు రెక్క కిందికి జారిపోతుంటే బావ, "మీ బాపు సూడాల్సుండె" అన్నాడు. నుదురు అద్దం మీది నుంచి తీయకుండానే, "మనోళ్ళెవలన్న ఎక్కుతరు అన్నడట గద, మీ అక్క జెప్పింది" అన్నాడు. ఆ సైకిల్ మీది మాట అక్క ఇన్నాళ్ళు దాచుకొని మొగుడికి చెప్పిందని నాకు అప్పుడే తెలిసింది.

కాశీలో దిగాక ఒక చిన్న చిక్కు వచ్చింది. సామాను తీసుకొని బయటికి పోయే గుమ్మం దగ్గర బావ ఆగిపోయాడు. చేతిలో బోర్డింగ్ పాసు ముక్క. "ఇది ఎవలకియ్యాలె?" అన్నాడు. ఎవరికీ ఇవ్వక్కర్లేదు, జేబులో పెట్టుకో అన్నాను. "మరి మనం వచ్చినట్టు ఆళ్ళకెట్ల తెలుస్తది? ఆడ సగం వేలాడుతుంటది గద!" అన్నాడు. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగాను. గుమ్మం దగ్గరి సిపాయికి చూపిస్తే, "జాయియే, జాయియే" అని చేయి ఊపాడు. బావ కదలలేదు. వెనక జనం తోసుకుంటున్నారు, బయట మహేశ్ ఎదురుచూస్తున్నాడు, దవాఖానలో రాంసేవక్ ఉన్నాడు. ఈయనేమో ఒక కాగితం ముక్క పట్టుకొని నిలబడ్డాడు. పేపరులో పనిచేసిన రోజుల్లో నేను ఎన్నో రకాల మొండివాళ్ళ గురించి రాశాను. ఇది మొండితనం కాదు. తన లెక్క ఎక్కడా తెగకుండా మిగిలిపోతే, తన కోసం ఎవరో చీకట్లో పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతారని ఆయన ఒంటికి తెలుసు. ఒకప్పుడు అట్లా తిరిగింది ఆయనే కదా. చివరికి నేనే అక్కకు ఫోన్ కలిపి ఇచ్చాను. "సుశీలా, పైకొచ్చిన" అన్నాడు. అటు నుంచి అక్క, "మంచిది. రాసుకున్న" అంది. అప్పుడు ముక్కను భద్రంగా అంగీ జేబులో పెట్టుకొని నడిచాడు.

రాంసేవక్ మంచం మీద సగానికి సగమైపోయి ఉన్నాడు. బావను చూసి లేవబోతే నర్సు ఆపింది. "వచ్చినవా? ఎంతసేపు పట్టింది?" అన్నాడు. "పోవుడు రెండు గంటలు. రావుడు నువ్వు లేసి నడిసినంక" అన్నాడు బావ. "ఆడికెల్లి పచ్చిపులుసు దేలేదా?" అన్నాడు రాంసేవక్. "గాలిమోటర్ల పోనియ్యరట, పులుసుకు గూడ భయపడ్తరు." ఇద్దరూ నవ్వారు. రాంసేవక్ నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నర్సు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున లోపలికి తీసుకుపోయే ముందు ఒంటి మీదివన్నీ తీసివేయమన్నారు. చేతి గడియారం తీసి, పక్కనే చేయి చాపిన కొడుక్కి ఇవ్వలేదు. బావ అరచేతిలో పెట్టాడు. "నా బిళ్ళ" అన్నాడు. బావ గడియారాన్ని పిడికిట్లో బిగించి, "జల్ది రా" అన్నాడు.

ఆ పూటంతా బావ బెంచీ మీద నుంచి లేవలేదు. మహేశ్ రెండుసార్లు చాయ్ తెచ్చాడు, రెండూ చల్లారిపోయాయి. ఆయన పిడికిలి విప్పలేదు. ఆ పిడికిలిని చూస్తుంటే నాకు ఆయన కనపడలేదు, పొయ్యి ముందు కూర్చొని నీళ్ళు కాగనిస్తున్న మా అవ్వ కనిపించింది. ఎదురుచూసేవాళ్ళకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. డాక్టరు బయటికొచ్చి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పినప్పుడు కూడా బావ తల ఊపాడంతే. రాంసేవక్ కళ్ళు తెరిచి, "నా బిళ్ళ" అని గొణిగాక గానీ ఆయన కళ్ళలో నీళ్ళు రాలేదు. గడియారం ఆ సన్నటి మణికట్టుకు పెట్టి, "తీస్కో. లెక్క సరిపోయింది" అన్నాడు. తరవాత జేబులోంచి తన బోర్డింగ్ పాసు ముక్క తీసి దిండు కింద పెట్టాడు. "ఇది నాది. నీ కాడ ఉండనియ్యి. నువ్వే తెచ్చి మా ఇంట్ల జమ జెయ్యాలె" అన్నాడు.

తిరిగొచ్చిన నాడు అక్క స్నానానికి నీళ్ళు పెట్టింది. "ఎన్ని మాట్ల కాగినయి?" అని బావ ఆట పట్టిస్తే, "గీజరుకు లెక్కుంటదా? ఎర్ర దీపం ఒకటి ఎలుగుతది, ఆరుతది" అంది. అవ్వ రోజుల్లో బాపు షిఫ్టుకు పోతే, వచ్చేదాకా ఒక్క వార్తా ఉండేది కాదు, సైరనూ గంగాళమూ తప్ప. ఇప్పుడు మేము ఎక్కడ ఎగురుతున్నామో అక్క ఫోనులో చుక్కలా చూసింది. అయినా ఆ చుక్క ఆగేదాకా పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదట. దూరం తగ్గింది, ఎదురుచూపు అట్లాగే ఉంది. అది ఉండడమే మంచిదని నాకనిపిస్తుంది. బాపు దిగిన బాయి మూతపడింది. ఆయన విమానం చూసిన రన్‌వే వైపు ఇప్పుడు గడ్డి పెరిగింది. అక్కడ మళ్ళీ విమానాలు దిగుతాయన్న వార్తను నేనే నా ఉద్యోగంలో ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో చెప్పలేను. ఇంకోసారి రాయమన్నా రాస్తాను. కంచె పక్కన నల్లటి ముఖంతో నిలబడి ఎక్కుతామన్న మనిషి కొడుకుని నేను.

మొన్న రాంసేవక్ ఫోన్ చేశాడు. గొంతులో పాత బలం వచ్చింది. రోజూ గంగ ఒడ్డు దాకా నడుస్తున్నాడట. దిండు కింది ముక్కను గోడకు మేకు కొట్టి తగిలించాడట. "డాక్టరు విమానం ఎక్కొచ్చు అన్నడు. హైద్రబాదుకు ఎంతసేపు?" అని నన్ను అడిగాడు. రెండు గంటలలోపే అన్నాను. బాయి మనుషులందరూ ఆగే చోటే ఆగాడు. "పోవుడేనా, పోవుడు రావుడా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బావ ఫోను లాక్కున్నాడు.

"వచ్చుడొక్కటే లెక్కవెట్టు" అన్నాడు. "పోవుడు సంగతి వచ్చినంక సూద్దాం."

వంటింట్లో అక్క అప్పటికే చింతపండు నానబెడుతోంది.